నానో అంటే నోరు మూసుకోవాలా?

మొన్న ఊరికి ఫోను చేస్తే బాబాయి ఓ సంగతి చెప్పాడు. యూరియా బస్తాలు కావాలంటే రెండు నానో సీసాలు కూడా తీసుకోవాల్సిందేనన్నాడట ఎరువుల కొట్టాయన. "ఇంత సీసాలోకి బస్తా బలం ఎట్లా వచ్చిందయ్యా?" అని బాబాయి అడిగితే, "అది నానో టెక్నాలజీ, నీకు చెప్పినా అర్థం కాదులే పెద్దాయనా" అన్నాడట. బాబాయి డబ్బులిచ్చి వచ్చేశాడు. ఆ పైన నన్నడిగాడు: "నీకేమన్నా తెలుసురా?"

నేను వ్యవసాయ శాస్త్రవేత్తని కాను. సాఫ్ట్‌వేరు రాసుకుని బతికేవాణ్ణి. కానీ కొట్టాయన మాటకి నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే బాబాయి అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పడానికి నానో టెక్నాలజీ అక్కర్లేదు, ఏడో తరగతి లెక్కలు చాలు.

చూడండి. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 46 శాతం. అంటే 20 కిలోల 700 గ్రాములు. 2021లో ఇఫ్కో విడుదల చేసిన నానో యూరియా సీసా అర లీటరు, అందులో నత్రజని 4 శాతం. అంటే 20 గ్రాములు. అక్కడ కిలోలు, ఇక్కడ గ్రాములు. వెయ్యి రెట్ల తేడా! ఈ సీసా ఒక బస్తాకి బదులు పనిచేస్తుందని ప్రచారం. విడుదలైనప్పుడు వెల 240 రూపాయలు. 2024లో 16 శాతం నత్రజనితో 'నానో యూరియా ప్లస్' వచ్చింది. అందులోనూ సుమారు వంద గ్రాములే.

"అబ్బే, నేలలో వేసిన యూరియా చాలామటుకు వృథా అవుతుంది, ఇది ఆకుమీద చల్లేది, వృథా కాదు" అంటారు. మొదటి మాట నిజమే. నేలలో వేసిన యూరియాలో సగానికి పైగా గాలిలోకో నీటిలోకో పోవచ్చు. పోనీ, మూడింట రెండు వంతులు పోయిందనే అనుకుందాం. అయినా పైరుకి దాదాపు ఏడు కిలోలు దక్కుతుంది. సీసాలోది ఒక్క చుక్క పోకుండా ఆకులోకి ఇంకినా 20 గ్రాములే కదా! టన్ను వడ్లు పండాలంటే పైరు 15 నుంచి 20 కిలోల నత్రజని తీసుకుంటుంది. రేణువు ఎంత చిన్నదైతే అంత తేలిగ్గా దూరుతుందేమో గానీ, లేని నత్రజని ఎక్కణ్ణుంచి పుడుతుంది?

ఇఫ్కో వాదన కూడా చెప్పాలి. 94 పంటల మీద, సుమారు 11,000 మంది రైతుల పొలాల్లో పరీక్షించామనీ, సగటున 8 శాతం దిగుబడి పెరిగిందనీ వాళ్ళంటారు. మరి పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రెండేళ్ళు పరీక్షిస్తే, మామూలు సిఫారసు ప్రకారం ఎరువు వేసిన మడులతో పోలిస్తే వరి దిగుబడి 13 శాతం, గోధుమ 21.6 శాతం తగ్గాయి. 2023లో కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఒక పరిశోధన పత్రికలో ఈ ప్రచారాన్ని సూటిగానే నిలదీశారు. ఇఫ్కో ఒప్పుకోలేదు. సరే, వాదించుకోనీండి, సైన్సు నడిచేదే అలా.

నా గొడవల్లా ఏమిటంటే, ఆ వాదన మొత్తం ఇంగ్లీషులో జరిగింది. ప్రకటన మాత్రం తెలుగులో వచ్చింది. అమ్మకం తెలుగులో, అనుమానం ఇంగ్లీషులో! డబ్బు కట్టేవాడికి పొగడ్త ఒక్కటే వినిపించింది.

నానో మీద నాకు పగేమీ లేదండోయ్. నానోమీటరంటే మీటరులో వందకోట్లవ వంతు. మన వెంట్రుక మందం దాదాపు 80,000 నానోమీటర్లు. అంత సూక్ష్మమైన కొవ్వు బుడగల్లో పెట్టే కోవిడ్ ఎంఆర్ఎన్ఏ టీకాలు ఒంట్లోకి పంపారు. ఐఐటీ మద్రాసులో ప్రదీప్ బృందం నానో పదార్థాలతో తాగేనీటిలోంచి పురుగుమందుల్నీ ఆర్సెనిక్‌నీ తీసే పద్ధతులు కనిపెట్టింది. ఇవి గొప్ప పనులు. వీటిని చూపించి సంపాదించిన గౌరవాన్ని సీసా అమ్మకానికి వాడుకోవడమే నాకు నచ్చనిది.

సైన్సులో అందరికీ చోటుండాలని సభల్లో చెబుతుంటారు. ఆడపిల్లలు రావాలి, పల్లెటూరి పిల్లలు రావాలి, తెలుగు మీడియం వాళ్ళు రావాలి. తప్పకుండా రావాలి. కానీ ప్రయోగశాల తలుపు దాకా ఎందుకు? ఎరువుల కొట్టు దగ్గరే "నీకు అర్థం కాదు" అని తరిమేస్తున్నాం కదా! బాబాయి అడిగింది అచ్చమైన శాస్త్రీయ ప్రశ్న. అదే ప్రశ్న కోపెన్‌హాగెన్‌లో అడిగితే పరిశోధన పత్రమైంది, మా ఊళ్ళో అడిగితే అజ్ఞానమైంది.

మనమేం తక్కువ తినలేదు. 2022 మే నెలలో గుజరాత్‌లోని కలోల్‌లో ఈ ఫ్యాక్టరీని ప్రారంభించినప్పుడు, "బస్తా పోయి సీసా వచ్చె" అని ఉప్పొంగిపోతూ ఆ వీడియోని చుట్టాలందరికీ పంపింది నేనే. అందులో బాబాయీ ఉన్నాడు. నాలుగు శాతం అంటే ఎంతని ఆ రోజు నేను లెక్కేసుకోలేదు. చదువుకున్నవాడు పంపాడు కాబట్టి నిజమే అయ్యుంటుందని ఆయన అనుకున్నాడు.

అందుకే అడుగుతున్నాను. సీసా మీద శాతాలు కాదు, "ఇందులో నత్రజని ఇన్ని గ్రాములు, బస్తాలో ఇన్ని కిలోలు" అని తెలుగులో పెద్దక్షరాలతో రాయండి. మన వ్యవసాయ విశ్వవిద్యాలయాల ప్రయోగాల్లో ఎకరాకి ఎన్ని బస్తాల ధాన్యం వచ్చిందో, సీసాతో ఎంత, సీసా లేకుండా ఎంత, రైతు వేదిక గోడ మీద రాయించండి. దిగుబడి పెరిగితే రైతే వచ్చి అడిగి కొనుక్కుంటాడు, బస్తాకి ముడిపెట్టి అంటగట్టాల్సిన అవసరం ఉండదు.

నిన్న మళ్ళీ ఫోను చేసి బాబాయికి ఈ లెక్క చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఇంతేనా? ఇది నేనూ వేసేవాణ్ణి కదరా, ఎవరూ చెప్పందే!" అన్నాడు.