ఆ ఎర్ర ప్లస్ మీ బోర్డు మీద ఉండకూడదు

మెండోర, బాల్కొండ, ఆర్మూర్, నిజామాబాద్, బోధన్. ఏ ఊరి బజారులో నిలబడ్డా తెల్ల పలక మీద ఎర్ర ప్లస్ గుర్తు కనబడుతుంది. మెడికల్ షాపు, ల్యాబ్, ఆర్‌ఎంపీ క్లినిక్, ప్రైవేటు అంబులెన్స్, డాక్టరు గారి కారు అద్దం, చివరికి మందులిచ్చే కవరు. వైద్యానికి అదే గుర్తని జనం నమ్ముతున్నారు. అది నిజం కాదు. అనుమతి లేకుండా ఆ గుర్తు వాడటం మన దేశంలో 1960 నాటి చట్టం ప్రకారం నేరమే.

జెనీవా ఒప్పందాల చట్టం, 1960లోని 12వ సెక్షన్ ఈ సంగతి స్పష్టంగా చెబుతుంది. తెలుపు మీద ఎర్ర క్రాస్, ఎర్ర నెలవంక, ‘రెడ్ క్రాస్’ అనే పేరు, చూడగానే వాటిలాగే అనిపించే బొమ్మ, వీటిలో దేన్నీ కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఎవరూ ఏ పనికీ వాడకూడదు. తప్పితే 500 రూపాయల దాకా జరిమానా పడుతుంది. ఆ గుర్తు వేసిన సరుకును జప్తు చేయవచ్చు కూడా. జరిమానా చిన్నదే కదా అని తేలిగ్గా తీసుకోకండి. ప్యాకెట్ మీద ఆ గుర్తు అచ్చు వేసి అమ్మేవాడికి జప్తు చిన్న దెబ్బ కాదు.

ఈ గుర్తు పుట్టింది యుద్ధభూమిలో. 1859 జూన్ 24న ఇటలీలోని సోల్ఫెరినోలో వేలమంది గాయపడి దిక్కులేకుండా పడి ఉండటం స్విట్జర్లాండ్ వ్యాపారి హెన్రీ డ్యూనాంట్ కళ్లారా చూశాడు. ఆయన కదిలించిన ప్రయత్నమే 1864లో మొదటి జెనీవా ఒప్పందానికి దారితీసింది. ఎర్ర క్రాస్ అందులోనే స్థిరపడింది. దాని అర్థం ఒక్కటే: ఇక్కడ కాల్చవద్దు. 2025 మే నెలలో పాకిస్తాన్‌తో ఉద్రిక్తత పెరిగినప్పుడు రాజస్థాన్‌లో ఆసుపత్రుల పైకప్పుల మీద ఈ గుర్తు వేయించారు. ఆకాశంలో ఉన్న పైలట్‌కు కింద రోగులున్నారని చెప్పడానికే అలా చేశారు. అదే గుర్తు ప్రతి దుకాణం మీదా, ప్రతి బండి మీదా ఉంటే పైలట్ దేన్ని నమ్మాలి? నమ్మకం ఒకసారి చెదిరితే నిజమైన అంబులెన్స్ మీదే బాంబు పడుతుంది.

యుద్ధం మన జిల్లాకు దూరమని అనుకోవద్దు. గల్ఫ్‌కు మనిషిని పంపిన ఇళ్లు మన పల్లెల్లో ఎన్నో. 2014లో ఇరాక్‌లో పోరు ముదిరినప్పుడు నిజామాబాద్ జిల్లా కార్మికులు కూడా అక్కడ చిక్కుకుపోయారు. అప్పుడు భారత ప్రభుత్వం సాయం అడిగిన సంస్థల్లో ఎర్ర నెలవంక గుర్తుతో పనిచేసే రెడ్ క్రెసెంట్ ఒకటి. ఆ ఎర్ర నెలవంక మీద గౌరవం ఉంటేనే సాయం చేసేవాళ్లు తుపాకుల మధ్య నుంచి నడిచి వెళ్లగలరు. మన బిడ్డలను కాపాడే గుర్తును మనమే బజారులో చులకన చేయడం ఎంతవరకు న్యాయం?

మన కళ్లముందే జరిగే కీడు ఇంకొకటి. ఎర్ర ప్లస్ చూసి అర్హత ఉన్న వైద్యుడే అనుకుని జ్వరంతో ఉన్న పిల్లను లోపలికి తీసుకెళతారు. ఆ గుర్తు డిగ్రీకి రుజువు కాదు. గోడ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉందా అని చూడండి, లేకపోతే అడగండి.

జెనీవా ఒప్పందాల చట్టంలో ఒక లోపం ఉంది. ప్రభుత్వం గానీ, కేంద్రం నోటిఫై చేసిన అధికారి గానీ ఫిర్యాదు చేస్తేనే కోర్టు ఈ కేసు విచారణకు తీసుకుంటుంది. కాబట్టి ఎవరూ కదలడం లేదు, అరవై ఏళ్లు దాటినా జరిమానా పెరగలేదు. పార్లమెంటు దాన్ని పెంచాలి. అందాకా జిల్లా యంత్రాంగం చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. మున్సిపాలిటీలు, డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు, రవాణా శాఖ నోటీసులు ఇచ్చి గుర్తు మార్పించవచ్చు. నిజామాబాద్‌లో రక్తనిధి నడిపే రెడ్ క్రాస్ శాఖ ఈ పనికి ముందుండాలి. తన పేరు పోతున్నప్పుడు అది మౌనంగా ఉండటం సరికాదు.

మార్చుకోవడం కష్టమేమీ కాదు. తెలుపు మీద ఆకుపచ్చ ప్లస్ వేయించుకోండి. ప్రథమ చికిత్సకు ప్రపంచమంతటా వాడేది ఆకుపచ్చ మీద తెల్ల క్రాస్. ఎర్ర పలక మీద తెల్ల ప్లస్ మాత్రం వేయించకండి, అది స్విట్జర్లాండ్ చిహ్నం. ఇప్పుడు అమలులో ఉన్న జెనీవా ఒప్పందంలోని 53వ అధికరణం దాన్ని కూడా వ్యాపారానికి వాడొద్దంటుంది.

ఫ్లెక్సీలు, స్టిక్కర్లు వేసే సోదరులకు ప్రత్యేకంగా ఒక మాట. గిరాకీ అడిగినా ఆ గుర్తు వేయకండి, ఎందుకు వేయమో చెప్పండి. దుకాణదారులారా, అంబులెన్స్ యజమానులారా, డాక్టర్లారా, ఈ వారంలోనే మీ బోర్డు దించి రంగు మార్పించండి.