విమానంలో మోటారు సైకిల్ బ్యాటరీ: లెక్క తప్పితే అనుమతి లేదు

రాయపూర్ నుంచి ఢిల్లీ, ముంబయిల మీదుగా విదేశీ మోటారు సైకిల్ యాత్రకు వెళ్లేవారు విడి బ్యాటరీని సర్దుకునే ముందు చిన్న లెక్క వేసుకోవాలి. వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణిస్తే వాట్-అవర్లు వస్తాయి. ఆమ్లం ఒలకని సీల్డ్ బ్యాటరీకి అంతర్జాతీయ పరిమితి 12 వోల్టులు, 100 వాట్-అవర్లు. 12 వోల్టుల, 9 ఆంపియర్-అవర్ల బ్యాటరీ సామర్థ్యం 108; అంటే పరిమితి దాటినట్లే. ఆమ్లం ఒలికే రకానికి మోటారు సైకిల్ యాత్రికుల సామానులో చోటే లేదు. విడి లిథియం బ్యాటరీని చేతి సంచిలోనే ఉంచాలి. 100 నుంచి 160 వాట్-అవర్ల వరకు విమానయాన సంస్థ ఆమోదం తప్పనిసరి, ఆపైన నిషేధం. పెట్రోలు మిగిలిన కార్బురేటరు, ట్యాంకులకూ అనుమతి లేదు.

ఈ కట్టుబాట్లు ఊరక పుట్టినవి కావు. 2010 సెప్టెంబరు 3న లిథియం బ్యాటరీలున్న యూపీఎస్ సరుకు విమానం దుబాయిలో బయలుదేరాక మంటలంటుకుని కూలిపోగా, అందులోని ఇద్దరు పైలట్లూ మరణించారు. బ్యాటరీని గమ్యస్థానంలో కొనుక్కోవడమే మేలు.