వైడాల్ రిపోర్టుతో టైఫాయిడ్ తేలదు

జ్వరం మూడు రోజులు దాటితే రక్తం తీసి వైడాల్ పరీక్ష చేయించడం, రిపోర్టులో 'ఓ' ఎదురుగా 1:80 అనో 1:160 అనో కనబడితే టైఫాయిడ్ ఖాయమని సెలైన్, ఇంజెక్షన్లు మొదలుపెట్టడం పెద్దారవీడు, గిద్దలూరు వైపు పల్లెల్లోనే కాదు, రాష్ట్రమంతటా ఉన్న అలవాటే. ఈ అలవాటు తప్పు. ఎందుకు తప్పో తెలియాలంటే సూక్ష్మజీవి పైపొరను చూడాలి.

టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా టైఫీ పైపొరలో లైపోపాలీశాకరైడ్ అనే చక్కెర–కొవ్వు అణువులు కిక్కిరిసి ఉంటాయి. పొరలో నాటుకున్న కొవ్వు భాగం లిపిడ్ ఎ. రక్షక కణాల మీది టీఎల్ఆర్4 అనే గ్రాహకం దాన్ని పసిగట్టగానే జ్వరం పుట్టించే రసాయనాలు విడుదలవుతాయి. బయటికి సాగిన చక్కెరల గొలుసే 'ఓ' యాంటిజెన్; దాని మీద పుట్టిన యాంటీబాడీల లెక్కే రిపోర్టులోని 'ఓ' సంఖ్య. అందులో మానోజ్, రామ్నోజ్, గెలాక్టోజ్ అదే వరుసలో మళ్లీమళ్లీ వస్తాయి. టైఫీలో మానోజ్‌కు టైవెలోజ్ అనే చక్కెర కొమ్మలా అతుక్కుంటుంది. పారాటైఫాయిడ్ తెచ్చే పారాటైఫీ ఎ లో అదే చోట పారటోజ్, పారాటైఫీ బి లో అబెకోజ్ ఉంటాయి. కొమ్మ వేరైనా కాండం ఒకటే కనుక, ఒకదాని మీద పుట్టిన యాంటీబాడీలు మరోదాన్నీ పట్టుకుంటాయి. కలుషితమైన గుడ్లు, మాంసంతో విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా ఎంటెరిటిడిస్‌లోనైతే కొమ్మ కూడా టైవెలోజే. ఇక 'ఓ' సంఖ్య చూసి ఏ సూక్ష్మజీవి అని చెప్పడం ఎలా? పైగా పాత ఇన్ఫెక్షన్ తాలూకు యాంటీబాడీలు నెలల తరబడి రక్తంలో మిగులుతాయి. కొత్తవి పుట్టడానికి వారమైనా పడుతుంది. అంటే రోగం లేనివారికి పాజిటివ్, మొదటి వారంలో ఉన్న అసలు రోగికి నెగటివ్ రావచ్చు.

ఈ చక్కెరల్లో తేడా చిన్న విషయమేమీ కాదు. 1992లో మద్రాసులో బయటపడిన కలరా క్రిమి ఓ139కు 'ఓ' గొలుసు మారిపోయింది. పాత ఓ1 కలరా వల్ల వచ్చిన రక్షణ దాని ముందు పనిచేయక పెద్దవాళ్లు కూడా జబ్బుపడ్డారు. టైఫీ అయితే వీఐ అనే మరో చక్కెర తొడుగు కప్పుకుని లిపిడ్ ఎ ను టీఎల్ఆర్4 కంటపడకుండా చాలావరకు దాచుకుంటుంది. హైదరాబాద్ భారత్ బయోటెక్ వారి టైఫాయిడ్ కాంజుగేట్ టీకా గురిపెట్టింది ఈ తొడుగునే. దానికి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత దక్కింది.

వైడాల్ చవక, పల్లెకు అందుబాటులో ఉన్నది అదే అన్న వాదనలో నిజం ఉంది. కానీ తప్పు నిర్ధారణ చవక కాదు. పొదల్లోని నల్లి పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్‌ను టైఫాయిడ్‌గా పొరబడి సెఫ్ట్రియాక్సోన్ ఎన్ని రోజులు ఎక్కించినా ఆ జ్వరం లొంగదు. దానికి డాక్సీసైక్లిన్ కావాలి. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతిని ప్రాణం పోవచ్చు. మలేరియా, డెంగీ సైతం ఇదే రిపోర్టు చాటున దాగిపోతాయి.

వైడాల్ ఒక్కటే దిక్కైతే పది, పద్నాలుగు రోజుల తేడాతో రెండుసార్లు రక్తం తీసి, సంఖ్య నాలుగింతలు పెరిగిందో లేదో చూడాలి. అంతకన్నా నమ్మదగింది బ్లడ్ కల్చర్. అది అన్ని కేసులనూ పట్టలేదన్నది నిజమే. అయినా మొదటి వారంలో, యాంటీబయోటిక్ వేయకముందే రక్తం తీసి మార్కాపురానికో ఒంగోలుకో పంపితే, సూక్ష్మజీవి దొరికినప్పుడు దాని పేరుతోపాటు ఏ మందుకు లొంగుతుందో కూడా తెలుస్తుంది. సిప్రోఫ్లాక్సాసిన్‌కు టైఫీ చాలాచోట్ల లొంగని ఈ దేశంలో ఆ రెండో సమాచారం వైడాల్ ఎన్నటికీ ఇవ్వలేదు.