ఫోస్టరింగ్: వీధికీ ఇంటికీ మధ్య కుక్కపిల్లకు ఓ మజిలీ.. హయత్‌నగర్‌లో దీని గురించి ఎందుకు మాట్లాడుకోవాలి?

హయత్‌నగర్.. 2025 డిసెంబర్ మొదట్లో ఈ పేరు రాష్ట్రమంతా వినిపించింది. మాటలు రాని ఎనిమిదేళ్ల బాలుడిపై వీధికుక్కల గుంపు దాడి చేసింది. సాయం కోసం కేక కూడా వేయలేని పిల్లాడు తీవ్రంగా గాయపడ్డాడు. ఈ ఘటనపై సీఎం రేవంత్ రెడ్డి కూడా స్పందించారు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల చిన్నారి కుక్కల దాడిలో ప్రాణాలు కోల్పోయిన సంగతి తెలిసిందే.

ఇలాంటిది జరిగిన ప్రతిసారీ రెండే మాటలు వినిపిస్తాయి. 'అన్నింటినీ పట్టుకెళ్లండి' అని ఒకరు.. 'వాటినీ బతకనివ్వండి' అని ఇంకొకరు. ఈ గొడవలో మధ్యలో ఉన్న ఓ పనిని ఎవరూ పట్టించుకోవడం లేదు. అదే ఫోస్టరింగ్.

అసలు ఫోస్టరింగ్ అంటే ఏంటి?

ఇది దత్తత కాదు. కుక్కకు శాశ్వతంగా ఓ ఇల్లు దొరికే వరకు మన ఇంట్లో ఉంచుకోవడం. రెండు వారాలు కావొచ్చు, మూడు నెలలు కావొచ్చు. తిండి పెట్టాలి, టీకాలు వేయించాలి, మనుషుల మధ్య మెలగడం అలవాటు చేయాలి. ఆ తర్వాత సరైన కుటుంబానికి అప్పగించాలి.

కోర్టు ఏం చెప్పింది?

2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ పరిసరాల్లోని వీధికుక్కలను షెల్టర్లకు తరలించాలని ఆదేశించింది. ఆగస్టు 22న ముగ్గురు జడ్జిల బెంచ్ దాన్ని సవరించింది. ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలని చెప్పింది. రేబిస్ ఉన్నవి, దూకుడుగా ఉండేవి మాత్రం బయటికి రాకూడదు. నవంబర్ 7న స్కూళ్లు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి కుక్కలను తొలగించాలని ఆదేశాలిచ్చింది. ఇలా తొలగించిన వాటిని మళ్లీ అక్కడే వదలడానికి వీల్లేదు.

ఆగస్టు 22 ఆదేశాల్లోనే దత్తత ప్రస్తావన కూడా ఉంది. కావాల్సిన వాళ్లు మున్సిపల్ అధికారులకు దరఖాస్తు చేసుకోవచ్చు. కానీ ఒక షరతు.. తీసుకెళ్లిన కుక్క మళ్లీ వీధిలోకి రాకూడదు. ఆ బాధ్యత తీసుకున్నవాళ్లదే.

చిక్కు ఎక్కడుంది?

2025 ఆగస్టు 17న జీహెచ్‌ఎంసీ బంజారాహిల్స్‌లోని జలగం వెంగళరావు పార్కులో దేశవాళీ కుక్కపిల్లల దత్తత మేళా పెట్టింది. పిల్లలను ఉచితంగానే ఇచ్చారు. మంచి ప్రయత్నమే. కానీ ఒక్క ఉదయంలో ముద్దుగా ఉందని తెచ్చుకున్న పిల్ల, నాలుగో రోజు సోఫా కొరికితే? రాత్రంతా ఏడిస్తే? వదిలేయాలనే ఆలోచన అక్కడే మొదలవుతుంది. ఫోస్టరింగ్‌లో ఈ విషయాలు ముందే తెలిసిపోతాయి. పిల్లలతో ఎలా ఉంటుంది, దేనికి భయపడుతుంది అన్నది ఉంచుకున్న వాళ్లు చెప్పగలరు.

ఇంకో ముఖ్యమైన లెక్క ఉంది. ఏబీసీ రూల్స్ 2023 కింద నడిచే కార్యక్రమంలో ఆరు నెలలు నిండని పిల్లలకు ఆపరేషన్ చేయరు. కానీ కుక్క స్వభావం రూపుదిద్దుకునేది దాదాపు 3 నుంచి 14 వారాల వయసులోనే. అంటే మనుషులను నమ్మాలా, భయపడాలా అని నేర్చుకునే రోజులన్నీ వీధిలో రాళ్ల దెబ్బల మధ్యే గడిచిపోతాయి. ఆపరేషన్ బండి వచ్చేసరికి ఆ దశ దాటిపోతుంది. ఫోస్టర్ ఇల్లు పనికొచ్చేది సరిగ్గా అప్పుడే.

ఎవరు చేయొచ్చు? ఏం చూసుకోవాలి?

- అద్దె ఇల్లయితే ముందే ఓనర్‌తో మాట్లాడాలి. మధ్యలో గొడవైతే నష్టపోయేది కుక్కే.
- ఇంటికి తేగానే వెటర్నరీ డాక్టర్‌కు చూపించాలి. నట్టల మందు, 6-8 వారాల నుంచి మొదటి టీకాలు, మూడు నెలలకు రేబిస్ టీకా.. డాక్టర్ చెప్పినట్టు వేయించాలి.
- ఖర్చు ఎవరిది, ఎన్నాళ్లు ఉంచుకోవాలి, ఇల్లు దొరక్కపోతే ఏంటి.. ఇవి రక్షించిన వాళ్లతో ముందే రాసుకోవాలి. 1992లో మొదలైన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ లాంటి సంస్థలను సంప్రదించొచ్చు.
- చిన్న పిల్లలను కుక్కతో ఒంటరిగా వదలొద్దు. పన్ను గాటు పడినా సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

ఇదొక్కటే పరిష్కారమా?

కాదు. మీద పడి కరిచే కుక్కను ఇంటికి తెచ్చుకోమని ఎవరూ చెప్పరు. అది అధికారుల పని. ఆపరేషన్లు ఆగితే ఎన్ని ఇళ్లు ముందుకొచ్చినా సంఖ్య తగ్గదు. రోడ్డు మీద చెత్త, మాంసం వ్యర్థాలు ఉన్నంత కాలం గుంపులు చేరుతూనే ఉంటాయి. ఫోస్టరింగ్ చేసేది చిన్న పనే.. రేపటి గుంపులో చేరాల్సిన ఒక పిల్లను ఈరోజే తప్పించడం.

హయత్‌నగర్ బాలుడి తల్లిదండ్రులకు కుక్కల మీద ప్రేమ చూపమని చెప్పే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ భయం ఇంకో ఇంటికి రాకూడదంటే, మన గల్లీలో ఇప్పుడే కళ్లు తెరిచిన ఆ నాలుగు పిల్లల సంగతి ఎవరు చూస్తారన్నది కాలనీ మీటింగ్‌లో తేలాల్సిందే. ఆరు నెలలాగితే అవి పిల్లలుగా ఉండవు.