చింతపిక్కలతో ఇంగ్లీషు



మన పల్లెల నుండి విశాఖపట్టణము ఓడరేవుకు, ఉక్కు కర్మాగారమునకు పని వెదుక్కుంటూ వెళ్లే బిడ్డలు ఎందరో. ఇంగ్లీషు పరీక్ష పాసైన కుర్రవాడే ఇంటర్వ్యూలో నోరు మెదపలేక తల దించుకొని తిరిగి వస్తాడు. తెలివి లేక కాదు. పదేళ్లు ఇంగ్లీషు చదివాడే గాని, మాట్లాడే వంతు అతనికి రాలేదు.

మాట ఒంటరిగా రాదు. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన లండను మిషనరీలు జార్జి క్రాన్, దే గ్రాంజ్ గార్లకు కూడా తెలుగు కొత్తే. ఆనందరాయరు అనే సహోదరుని తోడ్పాటుతోనే సువార్తలను తెనిగించే పని సాగింది. మాట సరిగా రాదని వెనుకాడిన మోషేకు దేవుడు అహరోనును తోడిచ్చాడు గదా!

మన సంఘములోనే ఆ తోడు ఇవ్వవచ్చు. ఆదివారము ఆరాధన అయ్యాక ఆరుగురిని గుండ్రముగా కూర్చోబెట్టండి. ఒక్కొక్కరికి మూడు చింతపిక్కలు ఇవ్వండి. సంత గురించో, బస్సు ప్రయాణము గురించో ఇంగ్లీషులో మాట్లాడాలి. మాట్లాడిన ప్రతిసారి ఒక పిక్క మధ్యలో వేయాలి. పిక్కలు అయిపోయినవారు మిగతావారి పిక్కలు అయ్యేవరకు వినాలి. అప్పుడు గలగల మాట్లాడేవాడు ఆగుతాడు, మూల కూర్చున్న పిల్ల నోరు విప్పుతుంది.

తరువాత ఇద్దరిద్దరుగా కూర్చోండి. ఒకే సంగతిని మొదట 4 నిమిషాలలో, జత మార్చి 3 నిమిషాలలో, మరల మార్చి 2 నిమిషాలలో చెప్పాలి. న్యూజిలాండు భాషా పండితుడు పాల్ నేషన్ 1989లో ఈ పద్ధతిని పరిశీలించి, మాట వేగము పెరిగి తడబాటు తగ్గుతుందని వ్రాశారు. చెప్పే సంగతి తెలిసినదే గనుక మనసు మాట మీదే నిలుస్తుంది.

చివరగా ఒకరు అధికారిగా, ఒకరు ఉద్యోగార్థిగా ఇంటర్వ్యూ ఆడండి.

ఒక్క జాగ్రత్త. మాట మధ్యలో తప్పు దిద్దవద్దు. ఇంగ్లీషు బాగా వచ్చిన టీచరో, కాలేజీ విద్యార్థో తప్పులను కాగితము మీద వ్రాసుకొని, ఎవరి పేరూ ఎత్తకుండా చివర అందరికీ చెప్పాలి. ఎవరూ నవ్వకూడదు. ఒక్క నవ్వుకు భయపడి ఏళ్ల తరబడి మౌనముగా ఉండిపోయే పిల్లలున్నారు.

దీనికి ఫీజు లేదు, పుస్తకము లేదు. కావలసినది గంట సమయము, గుప్పెడు చింతపిక్కలు, ఓర్పుగల చెవులు. ఈ ఆదివారమే ప్రారంభించండి. ప్రభువు మీ బిడ్డలకు తోడై యుండును గాక. ఆమేన్.