పరుగెత్తెడి మాట

ఒక పల్లెలోని పాఠశాలలో ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలుడొకడు ఇంగ్లీషు మాటలను మిక్కిలి శ్రద్ధతో కంఠస్థము చేయుచుండెను. అతని పుస్తకములో ఎడమవైపున ఇంగ్లీషు మాటలు, కుడివైపున వాని తెలుగు అర్థములు వరుసగా నుండెను. 'రన్' అను మాట కెదురుగా 'పరుగెత్తు' అని అతడు అందముగా వ్రాసికొనెను. ఒకనాడు ఉపాధ్యాయుడు నల్లబల్లపై ఇంగ్లీషు వాక్యము నొకదానిని వ్రాసి, తెనిగింపుమని ఆ బాలు నడిగెను. 'రాముని తండ్రి పట్టణములో హోటలు నడుపుచున్నాడు' అనునది దాని భావము. కాని 'నడుపు' అను అర్థమిచ్చుచోట ఉన్నది 'రన్' అను మాటయే. బాలుడు జంకు లేకుండ లేచి, 'రాముని తండ్రి పట్టణములో హోటలును పరుగెత్తించుచున్నాడు' అని చెప్పెను. తరగతియంతయు గొల్లున నవ్వెను. బాలుడు తలవంచుకొని కూర్చుండెను. నాటినుండి ఇంగ్లీషు గంటలో అతడు నోరు విప్పలేదు.

ఈ కథలో తప్పెవరిది? బాలుడు సోమరి కాడు. నేర్చిన దానిని మరచినవాడును కాడు. ఒక మాటకు ఒకే అర్థముండునని అతనికి తెలియకయే అలవాటైన నమ్మకము అతనిని మోసగించినది. నవ్వవలసినది ఆ నమ్మకమును చూచి. బాలుని చూచి కాదు.

'రన్' అను మాట మిక్కిలి పాతది. ప్రాచీనమైన ఇంగ్లీషునందే దానికి కాళ్లతో పరుగెత్తుట, నీరు పారుట అను రెండు భావములును కలవు. ఈ రెండు మూలములనుండియే తక్కిన అర్థములు కొమ్మలు రెమ్మలుగా పెరిగినవి. పారునది నీరు కావున కొళాయి కారినను, జలుబు చేసి ముక్కు కారినను, తడిసిన గుడ్డ రంగు దిగినను ఇంగ్లీషువారు ఆ మాటనే వాడుదురు. కదలిపోవునది పరుగు కావున బాట ఊరి ప్రక్కగా పోయినను, రైలు రెండు పట్టణముల నడుమ తిరిగినను అదియే మాట. యంత్రములు వచ్చిన పిదప యంత్రము ఆడుటకును, కంప్యూటరులు వచ్చిన పిదప వానిలోని ప్రోగ్రాము పనిచేయుటకును అదియే చాలినది. దుకాణమును, పాఠశాలను, ప్రభుత్వమును నిర్వహించుటకు వేరు మాటను వెదకుకొనలేదు. క్రికెట్టు ఆటలో లెక్కించెడి పరుగును ఆ మాటయే. క్రొత్త పని ఎదురైనపుడెల్ల ఇంగ్లీషువారు క్రొత్త మాటను కల్పింపక, ఇంటనున్న పాత మాటకే ఆ పని నప్పగించిరి.

ఇట్టి అర్థము లెన్ని కలవో లెక్కించినవారు లేకపోలేదు. ఆక్సుఫర్డు ఇంగ్లీషు నిఘంటువు తొలి భాగము 1884లో వెలువడి, 1928 నాటికి మొదటి కూర్పు పూర్తియైనది. 20 సంపుటములతో 1989లో వచ్చిన రెండవ కూర్పునందు అన్నింటికంటె ఎక్కువ చోటు నాక్రమించిన మాట 'సెట్'. దాని అర్థములు 430. తరువాత జరిగిన సవరణలో 'రన్' దానిని మించినది. క్రియగా వాడునపుడు మాత్రమే ఆ మాటకు 645 అర్థములున్నట్లు 2011లో ప్రకటితమైనది. ఆ ఒక్క మాటను సవరించుటకు సంపాదకునికి తొమ్మిది నెలలు పట్టినది.

ఈ సంఖ్యను విని విద్యార్థి గుండె జారవిడువవలదు. ఆ నిఘంటువును కూర్చిన విధానమును తెలిసికొనిన భయము తీరును. వేలకొలది పాఠకులు పుస్తకములు చదువుచు, మాట ప్రయోగింపబడిన వాక్యములను చీటీలపై వ్రాసి పంపిరి. సంపాదకులు ఆ చీటీలను ముందుంచుకొని, ఏ వాక్యములో ఆ మాట ఏ పని చేయుచున్నదో పరిశీలించి అర్థములను విభజించిరి. అనగా ముందు వాక్యములు; వానినుండి అర్థములు. నిఘంటుకర్తలే వాక్యముల వలన అర్థమును నేర్చియుండగా, వాక్యములను విడిచి అర్థములను మాత్రమే వల్లించెడి విద్యార్థి తలక్రిందుగా నడచినవాడు కాడా?

ఇంగ్లీషువారి చమత్కారమును చూచి తెలుగు బిడ్డ తన భాషను చిన్నచూపు చూడ నక్కరలేదు. ఇంగ్లీషునందు పరుగెత్తునవి తెలుగునందు నడచుచున్నవి. బడి నడచును, పత్రిక నడచును, గడియారము నడచును, ప్రభుత్వమును నడచును. ఇంగ్లీషున సినిమా నూరు దినములు పరుగెత్తును. తెలుగున అది నూరు దినములు ఆడును. ఎన్నికలలో అభ్యర్థి అమెరికాలో పరుగెత్తును, ఇంగ్లండులో నిలుచును. తెలుగువాడును ఎన్నికలలో నిలుచుచునే యున్నాడు. పని ఒక్కటియే, దానిని చూచెడి కన్నులు వేరు.

'పట్టు' అను తెలుగు మాటను చూడుడు. పోలీసు దొంగను పట్టును. తల్లి బిడ్డకు పాలు పట్టును. ఇనుమునకు త్రుప్పు పట్టును. ఎండలో తిరిగినవానికి చెమట పట్టును. అలసినవానికి నిద్ర పట్టును. ఆకాశమునకు ముసురు పట్టును. ప్రయాణమునకు రెండు గంటలు పట్టును. పెద్ద సంచిలో ఎక్కువ ధాన్యము పట్టును. మొండివాడు పట్టు విడువడు. మల్లునికి పట్టు తెలియును. తేనెటీగలు పట్టు పెట్టును. ఆంగ్ల బాలుడెవడైన 'పట్టు' అనగా చేతితో పట్టుకొనుట యని మాత్రమే వల్లించి వచ్చినచో, రెండు గంటలు ప్రయాణమును పట్టుకొన్నవని చెప్పి తెలుగు తరగతిని నవ్వించును. కాని తెలుగు పిల్లవాడెవడును ఈ అర్థములను పట్టికలో వల్లింపలేదు. 'నిద్ర పట్టలేదా నాయనా' అని అమ్మ అడిగినపుడు అతనికి ఆ అర్థము తెలిసినది. మాటను అతడు వాక్యముతో, ఆ వాక్యము పుట్టిన సమయముతో కలిపి నేర్చెను.

ఈ రహస్యము మన పూర్వులకు క్రొత్త కాదు. అమరసింహుడు తన అమరకోశము మూడవ కాండమున నానార్థములు గల పదములకు వేరుగా ఒక వర్గము నేర్పరచెను. సంస్కృత శాస్త్రములలో ప్రసిద్ధమైన ఉదాహరణ మొకటి కలదు. 'సైంధవము' అనగా ఉప్పు. సింధుదేశపు గుర్రమును సైంధవమే. యజమానుడు 'సైంధవము తెమ్ము' అని ఆజ్ఞాపించెను. అతడు భోజనమునకు కూర్చుండియున్నచో సేవకుడు ఉప్పు తేవలెను; ప్రయాణమునకు సిద్ధమైయున్నచో గుర్రమును తేవలెను. విస్తరి ముందునకు గుర్రమును తోలుకొని వచ్చిన సేవకునికి మాట తెలియకపోలేదు; సమయము తెలియలేదు. సందర్భమే మాటకు దీపము.

మాటల పట్టికలు నిష్ప్రయోజనములా యని కొంద రడుగవచ్చును. కావు. తెలియని ఇంటికి పోవువానికి తలుపెక్కడ నున్నదో తెలియవలెను కదా. పట్టికలోని అర్థము అట్టి తలుపు. పరీక్షకు కాలము చాలనపుడు అది ఉపకరించును. కాని తలుపు దగ్గరనే నిలిచి ఇల్లంతయు చూచితి ననుకొనుట పొరపాటు. ఒక మాటకు పది అర్థములు వల్లించుటకంటె, ఆ మాట గల పది వాక్యములను చదువుట మేలు. తెలియని చోట ముందు వెనుకల నున్న మాటలను చూచి అర్థము నూహించి, ఆ పిమ్మట నిఘంటువును తెరచి సరిచూచుకొనుట ఇంకను మేలు. ఊహ తప్పినను నష్టము లేదు; తప్పి సరిదిద్దుకొనిన అర్థము మరపునకు రాదు.

ఉపాధ్యాయులకును ఇందు కర్తవ్యము కలదు. హోటలును పరుగెత్తించిన బాలుని చూచి తరగతి నవ్వినపుడు, 'ఇంగ్లీషు వాడు హోటలును పరుగెత్తించును, మనము నడిపింతుము. ఇంకను ఏవేవి వారు పరుగెత్తింతురో చెప్పుడు' అని ఒక్క మాట అనియుండిన చాలును. ఆ నవ్వే పాఠమై యుండెడిది. నోరు మూసికొనిన బాలుడు నోరు విప్పియుండెడివాడు. భాషను నేర్చువాడు తప్పు పలుకుట సహజము. తప్పునకు వెరచి పలుకకుండుటయే నష్టము. తడబడక నడక నేర్చిన బిడ్డ లేడు. నడక రానిదే పరుగు రాదు.