ఇంటి సొమ్ము, కొట్టు సొమ్ము ఒకే గల్లాలోనా?

సరుకు కదలక, రావలసిన బాకీలు నిలిచిపోయిన రోజుల్లో వర్తకుడు మొట్టమొదట చెయ్యి పెట్టేది ఇంటి సొమ్ము మీదనే. సరుకులో వచ్చిన నష్టాన్ని మరో సీజనులో పూడ్చుకోవచ్చు. కూతురి పెళ్లికని, ముసలితనానికని దాచినది పోతే పూడ్చేదెవరు? అయినా మన వ్యాపారులలో చాలామంది మిర్చి టిక్కీలో తేమ చూసినంత శ్రద్ధగా తమ డిపాజిట్ రసీదును చూడరు.

2001లో హైదరాబాదులోని కృషి అర్బన్ కోపరేటివ్ బ్యాంకు, మరుసటి సంవత్సరం చార్మినార్ బ్యాంకు దెబ్బతిన్నాయి. 2019 సెప్టెంబరులో పంజాబ్ అండ్ మహారాష్ట్ర కోపరేటివ్ బ్యాంకుపై ఆంక్షలు పెట్టినప్పుడు తొలుత ఖాతాకు 1,000 రూపాయలు మించి తీసుకోనివ్వలేదు. ఒకటి రెండు శాతం అదనపు వడ్డీ ఎందుకు ఇస్తున్నారని అడగని వారికి జవాబు క్యూలో నిలబడినప్పుడు దొరుకుతుంది.

డిపాజిట్లకు ఇన్సూరెన్సు వుంది గదా అనేవారున్నారు. వుంది. 1962లో 1,500 రూపాయలతో మొదలై, 1993లో లక్షకు చేరి, 2020 ఫిబ్రవరి 4 నుంచి 5 లక్షలైనది. ఆంక్షలు విధిస్తే 90 రోజులలో ఆ మేరకు చెల్లించాలని 2021లో చట్టాన్ని సవరించారు కూడా. కాని ఈ 5 లక్షలు అసలు, వడ్డీ కలిపి. ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిటరుకు. నాలుగు బ్రాంచీలలో వేసినా లెక్క ఒక్కటే. వర్తకులు ముఖ్యంగా గమనించవలసినది మరొకటి వుంది. కొట్టు ఒక్కరి సొంతమైతే కొట్టు పేరిటి కరెంటు ఖాతాను, యజమాని సొంత డిపాజిట్లను కలిపే లెక్కిస్తారు. కరెంటు ఖాతాలో 4 లక్షలు, ఫిక్సెడ్‌లో 6 లక్షలు ఒకే బ్యాంకులో వుంటే, మొత్తం 10 లక్షలలో రక్షణ వున్నది సగానికే. భాగస్వామ్య సంస్థ ఖాతా మాత్రం భాగస్థుల సొంత ఖాతాల నుంచి వేరు. కనుక ఇంటి డిపాజిటును మరో బ్యాంకుకు మార్చడం ఒక పూట పని.

బ్యాంకు వడ్డీ చాలదని బజారులోనే పెట్టినవారి అనుభవమూ తెలిసినదే. ముంబయి నేషనల్ స్పాట్ ఎక్స్ఛేంజి 2013 జూలై 31న లావాదేవీలు ఆపినప్పుడు దాదాపు 5,600 కోట్ల రూపాయల చెల్లింపులు నిలిచిపోయాయి. సుమారు 13,000 మంది చిక్కుకున్నారు. ఇవాళ కొని ఇరవై అయిదు రోజులకు అమ్మే జంట కాంట్రాక్టులో రాబడి ఖాయమని బ్రోకర్లే చెప్పారు. తీరా చూస్తే గిడ్డంగులలో సరుకు చాలావరకు లేదు. సరుకుతో పుట్టి పెరిగినవారిలోనైనా తాళం తీయించి చూసినవారెందరు?

తెలిసిన ఫరములో చేతిచీటీ మీద వడ్డీకిచ్చిన సొమ్ము సంగతి చెప్పనక్కరలేదు. దానికి ఏ ఇన్సూరెన్సూ లేదు. పైగా బజారు పడినప్పుడు ఆ ఫరమూ మనతో పాటే పడుతుంది. బంగారం మేలే, నేను కాదనను. కాని లాకరులో పెట్టిన బంగారం బ్యాంకు తప్పు వల్ల పోతే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్ల వరకే.

ఈ వారం కాతా పుస్తకాలు సరిచూసేటప్పుడు ఇంట్లోని డిపాజిట్ రసీదులు కూడా బయటికి తీయండి. ఏ బ్యాంకు, ఎవరి పేరు, నామినీ ఎవరు, గడువెప్పుడు అన్నది ఒక కాగితం మీద రాసి ఇల్లాలి చేతికివ్వండి. ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా సొమ్ము, కొట్టు లావాదేవీలు నడవని బ్యాంకులో వేరుగా వుంచండి. దానిని సరుకు కొనుగోలుకు వాడవద్దు, ధర ఎంత ఊరించినా.